కొలువు చుట్టూ తిరిగే కె4 ఇంజన్: బ్యాటరీలు మార్చినా మాట ఎందుకు వినలేదు

డిసెంబర్ మొదటి శనివారం పొద్దున్నే డాక్టర్ అంకుల్ ఫోన్ చేశారు. "బాబూ, మన రైలింజన్ మళ్లీ మొరాయిస్తోంది. షాపులో చూపిస్తే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నారు. నువ్వొకసారి చూస్తావా? సంక్రాంతికి కొలువు పెట్టాలి కదా." అంకుల్, ఆంటీ 1970ల్లో గుంటూరు నుంచి అమెరికా వచ్చినవాళ్లు. ఇప్పుడు పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటారు, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఏటా సంక్రాంతికి వాళ్లింట్లో బొమ్మల కొలువు పెడతారు. మెట్ల మీద కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, ఆంటీ వాళ్లమ్మగారి నాటి మట్టి బొమ్మలు ఉంటాయి, కింద నేల మీద కొలువు చుట్టూ 'ఓ గేజ్' అనే సైజు బొమ్మ రైలు పట్టాలు, వాటి మీద పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి కె4 ఆవిరింజన్. పేరంటానికి వచ్చిన పిల్లలందరూ బొమ్మల కంటే ముందు దాని దగ్గరే కూర్చుంటారు.

కె4 ఇంజన్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1914 నుంచి 1928 దాకా మొత్తం 425 కట్టారు, పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి ప్యాసింజర్ బళ్లు లాగిన అసలు గుర్రం అదే. మిగిలినవి రెండే. ఒకటి ఆల్టూనా మ్యూజియం వాళ్ల 1361, రెండోది స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ మ్యూజియంలో ఉన్న 3750. 1987లో ఈ రెంటినీ రాష్ట్ర అధికారిక ఆవిరింజన్లుగా ప్రకటించారు. అంకుల్ వాళ్లబ్బాయిని చిన్నప్పుడు స్ట్రాస్‌బర్గ్ తీసుకెళ్లి అది చూపించారట, ఇంటికొచ్చాక వాడు మారాం చేస్తే 2003లో ఈ మోడల్ కొన్నారు. ఆ అబ్బాయికి ఇప్పుడు తన పిల్లలున్నారు. ఈ ఇంజన్ వాళ్లింట్లో వస్తువు కాదు, మనిషి లాంటిది. అందుకే "బోర్డు పోయింది, కొత్తది వేయాలంటే వందల డాలర్లవుతుంది" అనే మాట విన్నాక ఆయన గొంతులో ఆ దిగులు.

నేను పగలు ఎలక్ట్రానిక్స్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను, శని ఆదివారాల్లో ఇలాంటి ఇంజన్లు బాగుచేస్తాను. పదకొండేళ్లలో నా బల్ల మీదికి "బోర్డు పోయింది" అని వచ్చినవాటిలో చాలావాటికి బోర్డు నిక్షేపంగా ఉంది. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

అసలు ఆ బ్యాటరీ పనేమిటి

ఇది బ్యాటరీతో నడిచే రైలు కాదు. కరెంటు పట్టాల నుంచే వస్తుంది. మూడు పట్టాలుంటాయి, మధ్య పట్టాలో 18 వోల్టుల దాకా ఏసీ, బయటి రెండూ రిటర్న్. మోటారు, లైట్లు, పొగ, అన్నీ దాని మీదే. బ్యాటరీ ఉన్నది పట్టాల్లో కరెంటు లేని ఆ కొద్ది క్షణాల కోసం. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిపేటప్పుడు డైరెక్షన్ బటన్ నొక్కితే జరిగేది కరెంటు ఒక్క క్షణం తెగడమే. ఆ క్షణంలో బోర్డు మెలకువగా ఉంటేనే ఇప్పుడు ముందుకు వెళ్తున్నాను, తర్వాత న్యూట్రల్, ఆ తర్వాత రివర్స్ అని గుర్తు పెట్టుకోగలదు. శబ్దం కూడా తెగకుండా సాగుతుంది. అలాగే నడపడం అయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ మీది కరెంటు లీవరు పూర్తిగా దించేస్తే, ఇంజన్ ఇంకో కొన్ని సెకన్లు మెలకువగా ఉండి తన సెట్టింగ్స్ దాచుకుని, ఆ తర్వాత నిద్రపోతుంది.

మా నాన్న కాజీపేట డీజిల్ షెడ్‌లో ఎలక్ట్రికల్ వైపు పనిచేశారు. అక్కడ డబ్ల్యూడీఎం-2 ఇంజన్లో 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది, కలిపి 64 వోల్టులు, అంత పెద్ద పదహారు సిలిండర్ల ఇంజన్ని నిద్ర లేపడానికి. అక్కడ బ్యాటరీ లేపడానికి, ఇక్కడ పడుకోబెట్టడానికి. అంత తేడా ఉన్నా నాన్న చెప్పిన ఒక్క మాట మాత్రం రెండు చోట్లా పనికొచ్చింది: "ఊరికే వోల్టేజ్ చూసి సంబరపడకు, లోడ్ పెట్టి చూడు." ఈ కేసులో నేనూ మొదట ఆ మాట పక్కన పెట్టి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను, అది కిందకి వస్తుంది.

ఈ ఇంజన్లో ఉన్నది బొమ్మ రైళ్లు చేసే ఎంటీహెచ్ కంపెనీ వాళ్ల ప్రోటో-సౌండ్ 2, అంటే శబ్దం, నడక చూసుకునే సర్క్యూట్‌లో రెండో తరం, 5 వోల్టుల బోర్డు. దానికి 9 వోల్టుల ఆకారంలో ఉండే 8.4 వోల్టుల రీఛార్జబుల్ బ్యాటరీ కావాలి. తర్వాత వచ్చిన 3 వోల్టుల బోర్డులకి 2.4 వోల్టుల చిన్న ప్యాక్, ప్లగ్గు కూడా వేరు. ఇంకా తర్వాతి ప్రోటో-సౌండ్ 3లో బ్యాటరీ గొడవే తీసేసి, కరెంటును కాసేపు దాచుకునే సూపర్ కెపాసిటర్లు పెట్టారు. దీనికంటే ముందు తరం, ప్రోటో-సౌండ్ 1, చాలా సున్నితమైనది, బ్యాటరీ చచ్చి ఉండగా నడిపితే చిప్‌లో డేటా చెదిరిపోయే ప్రమాదం ఉండేది. మీ దగ్గర ఆ తరం ఇంజన్ అటక మీద ఉంటే దయచేసి బ్యాటరీ మార్చకుండా పట్టాల మీద పెట్టకండి.

పాత కథ

వైద్యుల ఇంటికి వెళ్లి కేసు హిస్టరీ నేను అడగాల్సి వచ్చింది. ఆంటీ కాఫీ ఇచ్చి, అంకుల్ కంటే వివరంగా చెప్పారు. మొదటి బ్యాటరీ నికెల్ కాడ్మియం, ఇంజన్‌తో వచ్చిందే, ఏడెనిమిదేళ్లు బాగానే పనిచేసింది. అది నీరసించాక ఎవరో బొమ్మల షాపులో "9 వోల్ట్ బ్యాటరీయే కదా" అని మామూలు ఆల్కలైన్ బ్యాటరీ వేసిచ్చారు. ఇది పెద్ద పొరపాటు. ఇంజన్ పట్టాల మీద ఉన్నంతసేపూ లోపలి సర్క్యూట్ ఆ బ్యాటరీని ఛార్జ్ చేయాలని చూస్తూనే ఉంటుంది, ఆల్కలైన్ బ్యాటరీ అందుకు పుట్టింది కాదు. అది రెండు మూడు సంక్రాంతులు గడిచేసరికి కారింది. తర్వాత అబ్బాయి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అది తీసేసి, గుడ్డతో తుడిచి, ఆన్‌లైన్లో కొన్న రీఛార్జబుల్ వేశాడు. అది ఒక పండక్కి పనిచేసి మళ్లీ ఆగింది. నిరుడు ఇంకోటి వేశారు. ఈ ఏడు అదీ పనిచేయలేదు.

"వరసగా ఇన్ని బ్యాటరీలు చెడిపోవు బాబూ, బోర్డే తినేస్తోంది," అన్నారు అంకుల్. ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. ఒకే రోగికి ఒకే మందు మళ్లీ మళ్లీ పనిచేయకపోతే ఎవరైనా రోగనిర్ధారణనే అనుమానిస్తారు.

పట్టాల మీద పెట్టి చూశాను. లక్షణాలు ఇవీ: లీవరు ఎత్తగానే శబ్దం వస్తుంది, ఇంజన్ ముందుకి బాగానే పోతుంది, పొగ కూడా వస్తుంది. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర కరెంటు ఒక్క క్షణం తడబడితే శబ్దం టక్కున పోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. డైరెక్షన్ బటన్ నొక్కితే మూగబోతుంది. లీవరు దించితే ఆ నిమిషమే చచ్చినట్టు ఆగిపోతుంది, ఒక్క సెకను కూడా మిగలదు. శబ్దం తగ్గించి పెడితే మర్నాటికి మళ్లీ పాత శబ్దమే, ఏదీ గుర్తుండదు. బోర్డు పోయినవాడికి ఇంత చక్కగా నడక రాదు. కరెంటు ఉన్నంతసేపు అన్నీ సరిగ్గా ఉండి, కరెంటు తెగిన క్షణంలో మాత్రమే తేడా వస్తోందంటే బ్యాటరీ దారినే చూడాలి. దారి అని ఎందుకంటున్నానంటే, బ్యాటరీ ఒక్కటే కాదు, బ్యాటరీ నుంచి బోర్డు దాకా ఉన్న ప్రతి తీగా, ప్రతి అతుకూ అందులోకి వస్తాయి.

టెండర్ విప్పాక

ఆవిరింజన్లలో బోర్డు, స్పీకరు, బ్యాటరీ ఉండేది ఇంజన్లో కాదు, వెనక బొగ్గు నీళ్లు మోసే టెండర్లో. మెత్తటి తువ్వాలు మీద బోర్లా పడుకోబెట్టి కింది మరలు విప్పి పైడొప్ప ఎత్తాలి. ఎత్తేటప్పుడు మాత్రం తొందరపడొద్దు, వెనక లైటు తీగ డొప్పకి అతుక్కుని ఉంటుంది, లాగితే తెగుతుంది. విప్పిన వెంటనే ఏ తీగ ఎటు పోతోందో ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకోవడం నా అలవాటు.

లోపలున్న బ్యాటరీ తీసి దాని ఒంటి మీద చిన్న అక్షరాలు చదివాను. ముందు వైపు పెద్దగా 9 అని ఉంది, పక్కన సన్నగా 7.2 వోల్టులు. ఇది చాలామంది చూడని విషయం. నికెల్ సెల్ ఒక్కొక్కటి 1.2 వోల్టులు. ఆ డబ్బాలో ఆరు సెల్స్ ఉంటే 7.2, ఏడుంటే 8.4, ఎనిమిదుంటే 9.6. బయటికి మూడూ ఒకేలా ఉంటాయి, అమ్మేవాళ్లు అన్నింటినీ 9 వోల్ట్ అనే అంటారు. మనకి కావలసింది ఏడు సెల్స్‌ది. ఆరు సెల్స్‌ది వేస్తే మొదటి రోజు నుంచే బోర్డుకి సరిపోదు.

ఇక్కడే నేను ఆగిపోయాను. కారణం దొరికిందనుకున్నాను. కొత్త 8.4 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, 200 మిల్లీ ఆంపియర్ అవర్ది, నా దగ్గర ఛార్జ్ చేసి రెడీగా ఉంది. క్లిప్పుకి తగిలించి, తీగ రెండో చివర బోర్డు దగ్గర మల్టీమీటరు పెడితే 9.2 వోల్టులు చూపించింది. బ్రహ్మాండం అనుకుని, డొప్ప మూయకుండానే పట్టాల మీద పెట్టి నడిపి, లీవరు దించాను. టక్కున ఆగిపోయింది. అంతకు ముందులాగే.

అంకుల్ ఏమీ అనలేదు కానీ ఆ మొహం చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంజన్ని ఇంటికి తీసుకెళ్తానని చెప్పి పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ రాత్రి చేయాల్సిన పని చేశాను. బోర్డు నుంచి బ్యాటరీ ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గు చివర 100 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, దాని మీద వోల్టేజ్ చూశాను. రెసిస్టర్ ఒక వాట్‌ది ఉండాలి, ఎందుకంటే 8.4 వోల్టుల దగ్గర దాదాపు 0.7 వాట్ వేడి పుడుతుంది, చిన్నదైతే కాలుతుంది. బ్యాటరీ దగ్గర నేరుగా పెడితే 8.8 దగ్గర నిలకడగా నిలబడింది. అదే రెసిస్టర్ తీగ చివర పెడితే 5 వోల్టులకి పడిపోయింది, తీగ కొంచెం కదిలిస్తే 3, ఇంకొంచెం కదిలిస్తే మళ్లీ 6. అంటే బ్యాటరీకీ బోర్డుకీ మధ్య తీగలోనే సగం వోల్టేజ్ పోతోంది. లోడ్ లేనప్పుడు మల్టీమీటరు లాగేది దాదాపు సున్నా కరెంటు, అందుకే తీగలో ఎంత అడ్డు ఉన్నా పైకి కనపడదు, పూర్తి 9.2 చూపిస్తుంది. నాన్న మాట గుర్తొచ్చింది.

నల్లబడ్డ రాగి

ఈ టెండర్లో బ్యాటరీ క్లిప్పు నుంచి తీగ ముందు కింద ఉన్న ఛార్జింగ్ జాక్‌కి, అక్కడి నుంచి బోర్డుకి పోతుంది. క్లిప్పు వైపు నల్ల తీగ మీద బ్లేడుతో నెమ్మదిగా గీత పెట్టి తొడుగు చీల్చాను. క్లిప్పు దగ్గర పచ్చటి పొడి, కింద రాగి పోచలు ఎర్రగా మెరవాల్సింది పోయి బొగ్గులా నల్లగా ఉన్నాయి. అర అంగుళం ముందుకు చీల్చాను, ఇంకా నలుపే. ఇంకో అంగుళం, ఇంకా నలుపే. పైన తొడుగు మాత్రం కొత్తదిలా, మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. మొత్తం తీగ ఎంతుందో అంత, జాక్ కాలి దాకా నలుపు పాకింది. ఆ పోచల మీద టంకం పెడితే ముత్యంలా జారిపోయింది, ఒక్క పోచ కూడా పట్టుకోలేదు. రెండు వేళ్లతో నలిపితే పొడిగా రాలింది.

అదీ ఆ పాత ఆల్కలైన్ బ్యాటరీ మిగిల్చిపోయిన జబ్బు. ఆల్కలైన్‌లోనూ నికెల్ బ్యాటరీల్లోనూ ఉండే ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, ఘాటైన క్షారం. అది కారినప్పుడు పైకి కనపడేదే తుడుస్తాం. కానీ తీగలో సన్నటి రాగి పోచల మధ్య సందుల్లోంచి, ఒత్తి నూనెను పైకి లాగినట్టు, తొడుగు లోపలే పాకుతూ పోతుంది. అబ్బాయి గుడ్డతో తుడిచాడు, పైన శుభ్రమైంది, లోపల మాత్రం ఏళ్ల తరబడి నమిలేస్తూనే ఉంది.

ఇప్పుడు మొత్తం కథ సరిపోయింది. ఛార్జ్ అయ్యే కరెంటు చిన్నది, అది ఆ పాడైన తీగలోంచి ఎలాగో కొంచెం కొంచెం పోయేది. బయట ఛార్జర్ జాక్‌కి పెట్టినా అదే తీగ దాటాలి కాబట్టి పూర్తి ఛార్జ్ ఎప్పుడూ అవలేదు. బోర్డు గట్టిగా కరెంటు అడిగే క్షణంలో మాత్రం ఆ తీగ దారి మూసేసేది. దాంతో కొత్త బ్యాటరీ కూడా చచ్చిన బ్యాటరీలా కనపడింది. వాళ్లు "చెడిపోయాయి" అని పక్కన పడేసిన బ్యాటరీల్లో ఒకటి డ్రాయరులో దొరికితే దాన్ని నా ఛార్జర్‌కి పెట్టి చూశాను. ఆరు సెల్స్‌దే, ఈ ఇంజన్‌కి పనికిరాదు, కానీ ఛార్జ్ నిలబెట్టుకుంది. పాపం దానికి ఏ రోగమూ లేదు.

దీనికి తోడు, ఏడాదికి వారం రోజులు నడిపి యాభై ఒక్క వారాలు పెట్టెలో పెట్టడం కూడా ఈ బ్యాటరీలకి పడదు. నికెల్ సెల్స్ వాడకపోయినా తమంతట తామే ఖాళీ అవుతూ ఉంటాయి. ఏడు సెల్స్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కదా, అన్నీ ఒకేసారి ఖాళీ కావు. అన్నింటికంటే నీరసంగా ఉన్నది ముందు సున్నాకి వస్తుంది, ఆ స్థితిలో ఇంజన్ నడిపితే మిగిలిన ఆరు సెల్స్ కరెంటు దాని గుండా బలవంతంగా పోయి అది తిరగబడుతుంది, ప్లస్ మైనస్ అవుతుంది. అలా తిరగబడ్డ సెల్ వాయువు వదిలి కారడం మొదలుపెడుతుంది. బ్యాటరీ కారిందంటే అందరూ నాసిరకం అంటారు గానీ, చాలాసార్లు ఆకలితో మాడ్చి చంపింది మనమే.

చికిత్స

కళ్లద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని మొదలుపెట్టాను. పాడైన తీగ రెండూ, క్లిప్పు, జాక్ అన్నీ తీసేశాను. పాడైన తీగకి అతుకు వేయడం దండగ, నలుపు ఎక్కడ ఆగిందో కంటికి ఆనదు. టెండర్ అడుగున తెల్లటి పొరలు కట్టిన చోట ఇంట్లో ఉండే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్దాను. క్షారాన్ని ఆమ్లమే విరుస్తుంది, బేకింగ్ సోడా ఇక్కడ పనికిరాదు, అది కారు బ్యాటరీ యాసిడ్‌కి. చిన్నగా నురగ వచ్చి ఆగింది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టాను. బోర్డు మీదికి మాత్రం వెనిగర్ పోనివ్వలేదు, ప్లగ్గు పిన్నులు రెండింటినే ఆల్కహాల్‌తో శుభ్రం చేసి భూతద్దంలో చూశాను. అక్కడి దాకా పాకలేదు, మా అదృష్టం.

కొత్త తీగ మెత్తటి సిలికాన్ తొడుగు ఉన్నది వాడాను, చుట్టి పెట్టినా విరగదు, టంకం వేడికి కరగదు. క్లిప్పు విషయంలో ఒక జాగ్రత్త, ఇక్కడ తప్పు చేస్తే బోర్డు నిజంగానే పోతుంది. బ్యాటరీ మీద చిన్న గుండ్రటి బొడిపె ప్లస్, పెద్ద పువ్వులాంటిది మైనస్. క్లిప్పు దానికి అద్దంలో బింబం లాంటిది కాబట్టి క్లిప్పు మీద పెద్ద పువ్వుకే ఎర్ర తీగ రావాలి. కొంతమంది చచ్చిన బ్యాటరీ పైకప్పు పీకి దాన్నే క్లిప్పుగా వాడతారు, మంచి ఉపాయమే, కానీ బ్యాటరీ మీద ఎలా ఉందో అలాగే ఎర్ర తీగ వేస్తే తలకిందులవుతుంది. ఎన్నిసార్లు చేసినా నేను ప్లగ్గు బోర్డుకి పెట్టే ముందు మీటరుతో ఒకసారి చూసే తీరతాను.

బ్యాటరీని బయటే 20 మిల్లీ ఆంపియర్ల మీద పదిహేను గంటలు ఛార్జ్ చేశాను. కెపాసిటీలో పదో వంతు కరెంటు, పధ్నాలుగు నుంచి పదహారు గంటలు, ఈ లెక్క నికెల్ బ్యాటరీలకి ఎప్పుడూ క్షేమం. ఫాస్ట్ ఛార్జర్లలో పెట్టి ఇంత చిన్న సెల్స్‌ని వేడెక్కించడం నాకిష్టం లేదు. తర్వాత తీగ చివర మళ్లీ 100 ఓమ్‌లు పెట్టాను. బ్యాటరీ దగ్గర 8.8, తీగ చివర కూడా 8.8. తీగ ఎంత కదిలించినా అంకె కదలలేదు.

పట్టాల మీద పెట్టి, కాసేపు న్యూట్రల్లో ఉంచి, లీవరు దించాను. ఆవిరి బుస, గంట, మాటలు, అన్నీ సాగాయి, ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతూ కూర్చున్నాను, పన్నెండు దాకా వచ్చి మెల్లగా ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. ఇంకొక్కటి మిగిలింది: పట్టాల నుంచి బ్యాటరీకి నిజంగా ఛార్జ్ అందుతోందా? బ్యాటరీని సగం ఖాళీ చేసి పెట్టి, అరగంట ఇంజన్ తిప్పి, ముందూ తర్వాతా వోల్టేజ్ రాసుకున్నాను. 8.5 నుంచి 9.1కి పెరిగింది. ఛార్జింగ్ సర్క్యూట్ బాగుంది. బ్యాటరీ మార్చి ఇది చూడకుండా ఇంజన్ తిరిగిచ్చేస్తే పని సగమే చేసినట్టు, ఎందుకంటే ఛార్జ్ అందకపోయినా కొత్త బ్యాటరీతో మొదటి వారం అందరూ సంతోషంగానే ఉంటారు.

సంక్రాంతి తర్వాత

భోగి నాడు పొద్దున కొలువు చుట్టూ పట్టాలు పరిచాం. మూడు రోజులూ ఏ ఇబ్బందీ లేకుండా తిరిగింది. కనుమ రోజు భోజనాలయ్యాక అంకుల్ అడిగారు, "మళ్లీ వచ్చే ఏడు దాకా పెట్టెలోనే కదా, ఈ బ్యాటరీ మాత్రం ఎన్నాళ్లుంటుంది?" అది సరైన ప్రశ్న. ఈ ఇల్లు, ఈ వాడకం చూస్తే బ్యాటరీ సరైన మందు కాదు, సూపర్ కెపాసిటర్ మాడ్యూల్ సరైనది. నేను డిసెంబర్లోనే ఆర్డర్ పెట్టాను, పండగలోపు రాలేదు, అందుకే బ్యాటరీతో గడిపాం.

లెక్క చెప్తాను. 8.4 వోల్టుల 200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండే శక్తి సుమారు 6,000 జౌల్స్. 2.7 వోల్టుల 10 ఫారడ్ కెపాసిటర్లు నాలుగు వరసగా కలిపితే 2.5 ఫారడ్లవుతుంది, 8.4 వోల్టుల నుంచి 6 దాకా దిగేలోపు అది ఇచ్చేది దాదాపు 43 జౌల్స్. వంద వంతుల్లో ఒక వంతు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ మనకి కావలసింది గంటలు కాదు, పది సెకన్లు. ఆ పది సెకన్లకి 43 జౌల్స్ చాలు. పైగా కెపాసిటర్ పెట్టెలో ఏడాది ఖాళీగా ఉన్నా దానికేమీ కాదు, క్షారం కారదు, పండగ రోజు పట్టాల మీద పెడితే మళ్లీ నిండుతుంది. ఒక్క అలవాటు మాత్రం చేసుకోవాలి, పెట్టిన వెంటనే లీవరు దించకూడదు, అది నిండడానికి కాస్త టైమివ్వాలి.

సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. నాణెం ఆకారంలో 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్లు చవగ్గా దొరుకుతాయి, గడియారాలు, మెమరీలు నిలబెట్టడానికి చేసినవి. వాటిని రెండు వరసగా కలిపి పెట్టి "పనిచేయట్లేదు" అని నా దగ్గరికి తెచ్చినవాళ్లున్నారు. వాటి లోపలి అడ్డు పదుల ఓమ్‌లు ఉంటుంది, వోల్టేజ్ బ్రహ్మాండంగా చూపిస్తాయి, కరెంటు అడిగితే ఆ నల్లబడ్డ తీగ చేసిన పనే చేస్తాయి. స్థూపాకారంలో ఉండే తక్కువ అడ్డు రకమే తీసుకోవాలి, వరసలో వోల్టేజ్ సమంగా పంచే బ్యాలెన్సింగ్ కూడా ఉండాలి. అంత ఓపిక లేకపోతే ఇదే పనికి రెడీగా దొరికే మాడ్యూల్ కొనుక్కోవడం మేలు.

ఫిబ్రవరిలో మాడ్యూల్ వచ్చింది. కొత్త క్లిప్పు పెట్టాం కాబట్టి మార్చడానికి పావుగంట పట్టలేదు. తీసిన మంచి బ్యాటరీని అంకుల్ వాళ్ల పొగ అలారం దగ్గర వాడొద్దని ఆంటీకి చెప్పాను, దాన్ని నా టెస్టింగ్ పనికి తెచ్చుకున్నాను. డ్రాయరులో ఇంకా దాచిన మొట్టమొదటి నికెల్ కాడ్మియం బ్యాటరీని చెత్తబుట్టలో వేయనివ్వలేదు. కాడ్మియం విషం, నేలలోకి పోతే పోదు. ఇక్కడ పెద్ద హార్డ్‌వేర్ షాపుల గుమ్మం దగ్గర రీఛార్జబుల్ బ్యాటరీలు తీసుకునే డబ్బాలుంటాయి. దాని రెండు కొనల మీద టేపు వేసి, సంచిలో పెట్టి అక్కడ వేసొచ్చాం. ఇండియాలో చదువుతున్నవాళ్లకి, 2022 నుంచి అక్కడా బ్యాటరీ వ్యర్థాల నిబంధనలున్నాయి, పాత బ్యాటరీలు తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

ఉగాదికి పచ్చడి తిందాం రమ్మంటే వెళ్లి ఇంజన్ మళ్లీ బయటికి తీయించాను. రెండు నెలలు పెట్టెలో ఉంది, మాడ్యూల్ పూర్తిగా ఖాళీ. అయిదు నిమిషాలు న్యూట్రల్లో ఉంచాక మనవరాలు లీవరు దించి తెలుగులో లెక్కపెట్టింది, తొమ్మిది దాకా వెళ్లింది. డైరెక్షన్ మారుస్తుంటే శబ్దం ఎక్కడా తెగలేదు, శబ్దం తగ్గించి ఆపితే తర్వాత ఎత్తినప్పుడు అంతే గుర్తుంది. వచ్చే ముందు టెండర్ కింద ఒక చిన్న టేపు ముక్క అంటించాను, తర్వాత ఎవరు విప్పినా చూసేలా: లోపల కెపాసిటర్ ఉంది, బ్యాటరీ వేయొద్దు, ఎర్ర తీగ పెద్ద పువ్వుకి, మార్చిన తేదీ.